కారు డ్యూకా, లీజుకా?

పోయిన ఆదివారం మా ఇంట్లో జరిగిన రచ్చ గురించి రాయమన్నది మా తమ్ముడి కొడుకే. "పెదనాయనా, ఆ రోజు మాకు చెప్పిందంతా అట్లే రాసేయండి. న్యూజెర్సీలో అక్క కూడా ఇదే తలనొప్పి పడతా ఉంది" అన్నాడు. ఈ పేజీలో ఎప్పుడూ ముత్తాతల ముచ్చట్లు, పెళ్లి పాటలు, వంటలు రాసే మేము కారు గురించి రాయడమేంటి అనుకోకండి. చివరికి ఇది కూడా మా నాయన కథ దగ్గరికే వచ్చి ఆగింది.

సంగతి ఇది. వాడికి శ్రీసిటీలో ఉద్యోగం, ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించే రకం. మా అమ్మకి స్టెంటు వేశారు. నెలకోసారి మద్రాసు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. (చెన్నై అని రాయాలి, తెలుసు. మా నోట మద్రాసే వస్తుంది.) పగలైతే మన ఆరంబాక్కం స్టేషన్లో సూళ్లూరుపేట నుంచి వచ్చే లోకల్ రైలెక్కి సెంట్రల్లో దిగచ్చు. కానీ అమ్మకి ఆయాసం వచ్చేది రాత్రి ఒంటి గంటకి. మొన్న కార్తీకంలో అట్లా వచ్చినప్పుడు హైవే మీద నిలబడి చెయ్యెత్తితే ఆగింది చేపల వ్యాను. పులికాట్ రొయ్యల వాసనలో, ఐసు పెట్టెల పక్కన అమ్మని కూర్చోబెట్టి గుమ్మిడిపూండి దాకా తీసుకెళ్లాడు ఆ పుణ్యాత్ముడు. ఆ మర్నాడే కారు కొనాలని తేలిపోయింది. మిగిలింది ఎట్లా కొనాలన్నదే.

తమ్ముడు డ్యూలో తీసుకుందామన్నాడు. తెలుగు దేశంలో ఉన్నవాళ్లకి చెప్పాలి, ఇటువైపు ఈఎంఐని ఎవరూ ఈఎంఐ అనరు, డ్యూ అంటారు. "డ్యూ కట్టేశావా?", "డ్యూలో తీసుకున్నాడు" అనే మాటలు మా తెలుగులో కలిసిపోయాయి. తమ్ముడి కొడుకు మాత్రం లీజు అన్నాడు. ఏదో కంపెనీ వాడు ఫోన్లో చెప్పాడంట: ముందు పెట్టుబడి ఏమీ లేదు, నెలకి 21,000 కట్టు, ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లు అన్నీ మావే, మూడేళ్లయ్యాక బండి మాకిచ్చేసి కొత్తది తీసుకో అని.

లీజు మాట వినగానే మా అమ్మ మంచం మీద నుంచి అడిగింది: "అయితే మూడేళ్లయినాక మన డబ్బంతా మనకి తిరిగి ఇచ్చేస్తారు కదరా?"

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. మన ప్రాంతంలో లీజంటే అర్థం అదే కదా! ఇల్లు లీజుకి తీసుకుంటే ఐదు లక్షలో ఏడు లక్షలో ఇంటాయన చేతిలో పెడతాం, నెలనెలా అద్దె కట్టం, ఖాళీ చేసేటప్పుడు పెట్టిన డబ్బు పెట్టినట్టే తీసుకుంటాం. భోగ్యం అన్నా అదే. అరవవాళ్లూ ఆ మాటే వాడతారు. డబ్బు వాడికి వడ్డీ లేకుండా వాడుకోవడానికి, ఇల్లు మనకి అద్దె లేకుండా ఉండటానికి. కారు లీజు దీనికి పూర్తిగా తిరకాసు. నెలనెలా కడతావు, చివర్లో బండీ ఉండదు, డబ్బూ ఉండదు. దాన్ని భోగ్యంతో కాదు, కౌలుతో పోల్చుకోవాలి. కౌలు రైతుకైతే భూమి పోయినా ఆ ఏటి పంటన్నా గాదెలో ఉంటుంది. కారు కౌలుకి మిగిలేది తిరిగిన కిలోమీటర్లే. ఒక్క మాటకి రెండు అర్థాలుంటే ఆ సందులో దూరేవాడు ఎప్పుడూ ఉంటాడు. ఫోన్ చేసిన కుర్రవాడు "లీజు" అన్నాడే గానీ "అద్దె" అనలేదు, గమనించండి.

ఇక లెక్క. నేను ముప్పై ఏళ్లు స్కూల్లో లెక్కలే చెప్పాను కాబట్టి ఇది నా వంతు పడింది.

వాడు చూసిన చిన్న పెట్రోలు కారు రోడ్డు మీదికొచ్చేసరికి 8 లక్షలు. 2 లక్షలు చేతి నుంచి పెట్టి, 6 లక్షలు బ్యాంకులో తీసుకుంటే, 9 శాతం వడ్డీకి ఐదేళ్లకి నెల డ్యూ 12,455. మూడేళ్లకి కట్టేది 4,48,380. ముందు పెట్టిన 2 లక్షలు, మూడేళ్ల ఇన్సూరెన్సు, సర్వీసు, ఒక జత టైర్లు కలిపి నా అంచనాకి 1,05,000. మొత్తం 7,53,380. లీజుకి మూడేళ్లలో కట్టేది 7,56,000. చూశారా, రెండూ ఒకటే! ఇక్కడే లీజువాడు లెక్క ఆపేస్తాడు. "ఒకటే ఖర్చు సార్, పైగా ముందు రూపాయి పెట్టక్కర్లేదు" అంటాడు.

లెక్క అక్కడ ఆగదు. మూడేళ్ల తర్వాత బ్యాంకుకి ఇంకా కట్టాల్సిన అసలు 2,72,629. జాగ్రత్తగా వాడిన మూడేళ్ల బండికి తక్కువలో తక్కువ 5 లక్షలు వస్తాయనుకుందాం. అప్పు తీర్చేస్తే చేతిలో మిగిలేది 2,27,000. లీజువాడికి మిగిలేది సున్న. అయితే ఒక మాట ఒప్పుకోవాలి, లీజు తీసుకున్నవాడి 2 లక్షలు బ్యాంకులోనే ఉంటాయి కదా, 7 శాతం చొప్పున మూడేళ్లకి దానికి 45,000 వడ్డీ వస్తుంది. అది తీసేసినా తేడా 1,85,000 దగ్గర. అంటే నెలకి 5,000 పైచిలుకు ఎక్కువ కడుతున్నాం, బాధ్యత లేకుండా ఉండటానికి.

ఆ ఐదు వేలు దండగ అని నేననను. దేనికి కడుతున్నామో తెలిసి కట్టాలి అంటాను. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్త బండి ధర తగ్గింది, సంతోషమే. కానీ ముందు నెలలోనే పాత ధరకి కొన్నవాడి బండి విలువ ఇంట్లో నిలబెట్టి ఉండగానే పడిపోయింది. ఆ నష్టం సొంతదారుది. లీజువాడికి బండి అమ్మే పనే లేదు కాబట్టి ఆ బెంగ లేదు. కరెంటు కార్ల సంగతీ అంతే. ఐదేళ్ల తర్వాత బ్యాటరీ ఎట్లా ఉంటుందో, ఎవడు కొంటాడో ఈ రోజు ఎవరూ చెప్పలేరు. 2024 సెప్టెంబరులో ఎంజీ వాళ్లు విండ్సర్ కారుకి బండి నీది, బ్యాటరీ కిలోమీటరుకి 3.5 రూపాయల అద్దెది అని పెట్టారే, అది ఈ భయం తెలిసి చేసిన ఏర్పాటు. కరెంటు బండి అయితే లీజు వైపు నేనూ ఒక అడుగు వేస్తాను.

అమెరికాలో ఉన్న మా పిల్లకీ అదే చెప్పాను. అక్కడ లీజు రోజువారీ వ్యవహారం, మూడేళ్లకి ఇంత, ఏడాదికి పది పన్నెండు వేల మైళ్లు అని. కరెంటు కారుకి ప్రభుత్వం ఇచ్చే 7,500 డాలర్లు లీజు దారిలో సులువుగా దొరికేవి కాబట్టి చాలామంది అటు పోయారు. 2025 సెప్టెంబరు 30తో అది ఆగిపోయింది. ఇక స్నేహితురాలు రెండేళ్ల కింద లీజుకి తీసుకుంది కదా అని నువ్వూ తీసుకోకు, మళ్లీ మొదటి నుంచి లెక్క వేసుకో అన్నాను.

మళ్లీ మన ఊరికి వస్తాను. సరిహద్దులో ఉండేవాళ్లకి ఇంకో చిక్కుంది. కొన్ని లీజు బండ్లు మామూలు తెల్ల ప్లేటుతో మన పేరు మీదే వస్తాయి. కొన్నిటికి నల్ల ప్లేటు మీద పసుపు అంకెలు, అంటే అద్దె బండి. మా వాడికి ఆ తేడా తెలీదు. ఫోనువాడు చెప్పలేదు. మనకి పక్క స్టేషనే తడ, అంటే వేరే రాష్ట్రం. వాడు రోజూ గీత దాటి పనికి పోవాలి. అద్దె బండి అయితే పర్మిట్టు ఏ రాష్ట్రాలకి ఉందో చూసుకోవాలి. హైవే టోల్‌గేట్లకి 2025 ఆగస్టు 15 నుంచి 3,000 రూపాయలకి 200 సార్లు అని ఏడాది పాసు పెట్టారు కదా, అది సొంత వాడకం బండ్లకే, అద్దె బండ్లకి లేదు. నెలకోసారి మద్రాసు, వారంలో ఆరు రోజులు శ్రీసిటీ తిరిగేవాడికి ఇవన్నీ చిన్న విషయాలు కావు. కిలోమీటర్ల పరిమితి కూడా అట్లాంటిదే. వాడికి చెప్పింది నెలకి 1,000. పనికి పోయి రావడానికే చాలా భాగం అయిపోతుంది. పైన తిరిగే ప్రతి కిలోమీటరుకీ వేరే రేటు. అమ్మకి ఆయాసం వచ్చిన రాత్రి మీటరు చూసుకుంటూ తోలాలా?

ఇక్కడే ఇంకో సంగతి. తడలోనో సత్యవేడులోనో ఉన్న బంధువుల అడ్రసు పెట్టి అటు రిజిస్ట్రేషన్ చేయిస్తే పన్ను కలిసొస్తుందని మనవాళ్లు కొందరు అంటారు. వద్దు. తమిళనాడులో 2023 నవంబరు నుంచి 5 నుంచి 10 లక్షల మధ్య బండికి జీవితకాలపు పన్ను 13 శాతం, నిజమే, ఎక్కువే. కానీ వేరే రాష్ట్రం బండి ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంచుకుంటే మళ్లీ ఇక్కడ రిజిస్టరు చేయించాల్సిందే అని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సువాడు అడ్రసు అడిగితే బంధువు ఇంటి తాళం చూపిస్తామా? 1960లో గీత గీసి తిరుత్తణి ఇటు, సత్యవేడు అటు అన్నప్పుడు మన పెద్దలు ఏ వైపు ఉంటే ఆ వైపు ఉండిపోయారు. బండిని కూడా మనమున్న వైపే ఉంచుదాం.

ఇప్పుడు మా నాయన కథ. ఈ ఇంట్లో పెద్దవాళ్లకి తెలుసు, పిల్లలకి తెలీదు.

నాయన 1982లో ఒక పాత మినీ లారీ తీసుకున్నాడు, ఎలావూరు వైపు నుంచి మద్రాసు కొత్తవాల్ చావడికి కూరగాయలు తోలడానికి. అప్పట్లో లోను అనేవాళ్లు కాదు, హైర్ పర్చేజ్. ఆ మాటలోనే ఉంది: హైరు ముందు, పర్చేజు తర్వాత. చివరి డ్యూ కట్టేదాకా బండి ఫైనాన్సు వాడిదే, నువ్వు అద్దెకి తోలుతున్నట్టే. మద్రాసు ఈ వ్యాపారానికి పుట్టిల్లు లాంటిది, సుందరం ఫైనాన్స్ లాంటి పెద్ద కంపెనీ 1954లోనే మొదలై లక్షలమందికి లారీలు కొనిపెట్టింది. నాయన వెళ్లింది అట్లాంటి చోటికి కాదు, పరిచయస్తుడు చూపించిన ఒక చిన్న కంపెనీకి. దాని పేరు ఇప్పుడు అనవసరం. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తుపాను తీరం దాటింది. తోటలు పోయాయి, తోలడానికి కూరగాయలే లేవు. మూడు డ్యూలు తప్పాయి. జనవరిలో, సంక్రాంతికి వారం ముందు, ఇద్దరు మనుషులొచ్చి వాకిట్లోంచి లారీ తీసుకుపోయారు. అప్పటికి మూడింట రెండు వంతులు కట్టేసి ఉన్నాడు. కట్టిందంతా అద్దె కింద పోయింది.

నాయన కాగితం తీసి స్కూలు హెడ్మాస్టరు దగ్గరికి పరిగెత్తాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన చదివి, "ఇందులో వాళ్లకి హక్కు ఉందని రాసుంది, నువ్వే సంతకం పెట్టావు కదయ్యా" అన్నాడు. కాగితం ఇంగ్లీషులో, సంతకం తెలుగులో. నాయన సంతకం అందంగా ఉండేది, ఆ కాగితం మీద కూడా అందంగానే ఉంది. చాలా ఏళ్లు ఆ కాగితం ట్రంకు పెట్టెలో ఉండేది, అమ్మ పారెయ్యనివ్వలేదు.

అందుకే ఆదివారం నేను వాణ్ణి అడిగిన మొదటి ప్రశ్న నెలకెంత అని కాదు. కాగితం చదివావా అని. నలభై పేజీలు, ఫోన్లో, ఇంగ్లీషులో. చదవలేదు. వాడు ఇంజనీరింగు చదివాడు, ఇంగ్లీషు రానివాడు కాదు. వాడికి తమిళం కూడా గడగడా వచ్చు, బళ్లో చదివింది అదే కాబట్టి. తెలుగే కూడబలుక్కుని చదువుతాడు. మూడు భాషలు చేతిలో ఉండి కూడా మా నాయన చేసిందే చేయబోయాడు.

రిజర్వు బ్యాంకు ఒక మంచి పని చేసింది. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి వ్యక్తిగత లోన్లన్నిటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ముందే ఇవ్వాలి. అసలు ఎంత, వడ్డీ ఎంత, ఇతర ఖర్చులన్నీ కలిపితే ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతుంది, అన్నీ అందులో ఉండాలి. అది అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. గుమ్మిడిపూండి బ్యాంకులో నేను తెలుగులో కావాలని అడిగాను. ఆ పిల్లవాడు తెల్లబోయాడు. "సార్, తమిళ్ ఇరుక్కు, ఇంగ్లీష్ ఇరుక్కు" అన్నాడు. తెలుగు కూడా కావాలన్నాను. నాలుగు రోజులు పట్టింది, వచ్చింది. అనువాదం ఘోరంగా ఉంది, కానీ అంకెలు సరిగ్గా ఉన్నాయి. లీజు అప్పు కాదు కాబట్టి దానికి ఆ కాగితం రాదు. అక్కడ నలభై పేజీలే దిక్కు. నేను లీజు వద్దనడానికి ఐదు వేల కంటే పెద్ద కారణం ఇదే.

డ్యూలో కూడా గుంటలున్నాయి. ఒక షోరూములో "తొమ్మిది శాతమే సార్" అని నెలకి 14,500 చెప్పారు. బ్యాంకు తొమ్మిదికి 12,455 అయితే వీడి తొమ్మిదికి 14,500 ఎట్లా? అది ఫ్లాట్ రేటు. ఐదేళ్లూ మొత్తం 6 లక్షల మీదే వడ్డీ కట్టిస్తాడు, నువ్వు అసలు తీరుస్తున్నా లెక్కలోకి రాదు. మన భాషలో చెప్తాను. నూటికి 75 పైసల వడ్డీ అని చెప్పి, నిజానికి రూపాయి 30 పైసలు గుంజడం. ఏడాదికి దాదాపు 15.7 శాతం. చీటీ పాట పాడి పైకం తెచ్చుకునే మన ఆడవాళ్లు ఈ మోసాన్ని రెండు నిమిషాల్లో పట్టేస్తారు. మా మరదలే పట్టింది, నేను కాదు.

లీజు సరైన చోటు కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే మా అల్లుడు కోప్పడతాడు. ఆయన మద్రాసులో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ. కంపెనీయే కారు లీజుకి తీసుకుని ఆయనకిస్తుంది, అద్దె పన్నుకి ముందే జీతంలోంచి పోతుంది. ఆ సౌకర్యానికి జీతంలో కలిపే విలువ 1600 సీసీ లోపు బండికి నెలకి 1,800, పైదానికి 2,400 అని చాలా ఏళ్లు నడిచింది. తీసుకునే ఏడు ఆ అంకె మళ్లీ చూసుకోవాలి. ముప్పై శాతం పన్ను కట్టేవాడికి ఇది లాభమే. కానీ ఉద్యోగం మారితే లీజు మూసేయాలి, లేదా మిగిలిన విలువ కట్టి బండి కొనుక్కోవాలి. ఆయన ఎనిమిదేళ్లుగా కదలకుండా ఉన్నాడు, సరిపోయింది. ఏడాది కాంట్రాక్టు మీద ఉన్న మా వాడికి ఆ మాట ఎట్లా నప్పుతుంది? బండి లోను అయితే ఉద్యోగం పోతే అమ్మి అప్పు తీర్చుకోవచ్చు. లీజు మధ్యలో ఆపితే ఎదురు డబ్బు కట్టాలి. వాడి కాగితంలో నాలుగు నెలల అద్దె అని ఉంది, ముప్పై ఒకటో పేజీలో.

చివరికి ఏం చేశామంటే, 8 లక్షల బండి వద్దనుకున్నాం. 6 లక్షల లోపు చిన్నది చూశాం, అమ్మ కాలు ఎత్తకుండా ఎక్కేలా ఉండాలని అమ్మనే తీసుకెళ్లి కూర్చోబెట్టి చూశాం. సగం డబ్బు తమ్ముడి చీటీ నుంచి, సగం మూడేళ్ల డ్యూ. ఇంజిన్లోకి నీళ్లు పోతే ఇచ్చే ఇన్సూరెన్సు వేరేగా కట్టాం. 2023 డిసెంబరులో మిచౌంగ్ అప్పుడు మద్రాసులో నీళ్లలో తేలిన కార్లని అందరం చూశాం కదా. వాడికి బ్యాంకు జామీను నేనే పెట్టాను, తెలుగులో సంతకం పెట్టాను, తెలుగు కాగితం చదివాకే.

మూడేళ్ల తర్వాత చివరి డ్యూ అయ్యాక బ్యాంకు ఎన్‌ఓసీ ఇస్తుంది. ఆర్‌సీలోంచి బ్యాంకు పేరు తీయించడానికి 35వ నంబరు ఫారం ఇవ్వాలి. చాలామంది అప్పు తీరింది కదా అని అది చేయకుండా వదిలేసి, అమ్మేటప్పుడు అవస్థ పడతారు. ఆ తారీఖు ఇంటి క్యాలెండరు వెనక రాసిపెట్టాను. అమ్మ అడిగింది, "అంటే అప్పటిదాకా బండి మనది కాదా?" అని. మనదే అమ్మా, పేరు మనదే, తాకట్టు మాత్రం వాళ్లది అన్నాను. "మీ నాయనకి ఇట్లా ఎవరూ చెప్పలా" అంది.